మిరపకాయల డప్పు

విశ్వాసమనే కుర్రాడికి పరీక్షలో మిగిలింది ఒక్కటే, ఊరిని ఒకచోట చేర్చడం. మార్కాపురం ట్రైనింగు బడిలో పల్లె సమాజ శాస్త్రమని కొత్తగా పెట్టారు. సముదాయమంటే ఏమిటి, సాంఘిక నియంత్రణ అంటే ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతాడు. ఏం లాభం? ఎవరి ఊళ్లో వాళ్లు జనాన్ని కూడగట్టి ఒక ఉమ్మడి పనికి ఒప్పించాలి, మద్రాసు నుంచి వచ్చే పరీక్షాధికారి దాన్ని కళ్లారా చూడాలి. పాసైతే మిషను బడిలో మేస్టరు ఉద్యోగం. తప్పాడా, నాయన యోబుతో మళ్లీ జొన్నచేలో కూలికి పోవలసిందే.

వాళ్లది దొనకొండ పక్క పల్లె. స్టేషనుకు పోయే బండ్లదారిని వాగు కోసేసింది. ఆ గండి పూడ్చుకుందామని చెప్పడానికి విశ్వాసం వారమంతా వాకిలి వాకిలికీ తిరిగాడు. ఇంటింటి పలకరింపును మించింది లేదని పుస్తకం చెప్పింది మరి! అందరూ "వస్తాంలే పోరా" అన్నారు.

తీరా ఆ పొద్దున అధికారి శేషగిరిరావు గారొచ్చి వాగు ఒడ్డున కుర్చీ వేయించుకుంటే, ఎదుట ఒక్క పురుగు లేదు. విశ్వాసం ఊళ్లోకి పరిగెత్తి, అరుగు మీద పప్పు చెరుగుతున్న రంగనాయకమ్మను దూరాన్నించే అడిగాడు.

"ఏందమ్మా, ఎవరూ రాలేదే?"

"దండోరా ఏదిరా? డప్పు మోగకుండా ఊరు కూడేది ఎన్నడన్నా చూసినావా? నువ్వేదో మాట వరసకు చెప్పిపోయినావనుకుంటిమి."

హతోస్మి! దండోరా వాళ్ల ఇంటి పనే, తాతల నాటి నుంచీ. కానీ జాతరలో కొట్టేది కూడా ఆ డప్పే కాబట్టి, ఇక ముట్టనని యోబు బాప్తిస్మం రోజున సంఘం ముందు మాటిచ్చాడు. తమ పేటలో డప్పు కొట్టే మిగతావాళ్లూ ఇచ్చారు. అప్పట్నుంచీ దండోరాకు పక్క ఊరి సుబ్బన్న రావలసిందే. ఇప్పుడు కబురుపెడితే అతనొచ్చేసరికి సాయంత్రమవుతుంది. అక్కడ అధికారి గడియారం చూసుకుంటున్నాడు.

సంగతి విని యోబు అటక మీది డప్పు దించాడు. భార్య మార్తమ్మ ఇన్నేళ్లూ అందులో ఎండుమిరపకాయలు పోసుకుంటోంది.

"మాటిచ్చినావు గదయ్యా, సంగానికి ఏం చెప్తావు?" అందామె.

"జాతరకా కొడుతుండేది? దారికోసం. ఆ తిప్పలేందో నేను పడతాలే."

చొప్ప మంట మీద తోలు కాచాడు. మిరప ఘాటుకు పేటంతా తుమ్మింది. చెప్పొద్దూ, యోబు చేతులు ఏమీ మరిచిపోలేదు. పిల్లాజెల్లాతో ఊరు ఊరంతా వాగు ఒడ్డుకొచ్చింది. కులానికొక గుంపుగా, ఎడం ఎడంగానే నిలబడ్డారు, అయితేనేం, ఇంటికొక మనిషి రావడానికి ఒప్పుకున్నారు.

శేషగిరిరావు గారికి ముచ్చటేసింది.

"సాంఘిక నియంత్రణకు మీ ఊళ్లోంచి ఒక ఉదాహరణ చెప్పు."

"డప్పు సార్. మోగితే వస్తారు, లేకుంటే రారు."

"ఇంకొకటి?"

విశ్వాసం బుర్ర గోక్కున్నాడు. ఎంతకీ తోచలేదు. అయినా పాస్ చేశారు.

ఆదివారం గుడిలో సంఘ పెద్ద నిత్యానందం లేచాడు. యోబుకు వరసకు తమ్ముడే.

"యోబన్న డప్పు ముట్టినాడు. ఎందుకు ముట్టినాడో మనకు తెలుసు. అయినా మాట మాటే. ఏడాది పాటు ప్రభువు బల్లకు, రొట్టెకు రాకూడదు."

ఒక్కరూ కాదనలేదు. గండి పూడుస్తామని ఒప్పుకున్నవాళ్లే అందరూ! యోబు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అధికారి అడిగిన రెండో ఉదాహరణ విశ్వాసానికి అప్పుడు దొరికింది.

రొట్టె పళ్లెం వరుసలో వస్తోంది. కొత్త మేస్టరని నిత్యానందం నవ్వుతూ చేతికిచ్చాడు. విశ్వాసం ఆ పళ్లెం పక్కవాడికి అందించి, లేచి వెళ్లి గుడి బయట అరుగు మీద నాయన పక్కన కూర్చున్నాడు.

"ఏందిరా ఇది? లోపలికి పో. బల్లకు రానోడికి మిషనోళ్లు బడి ఇస్తారా?"

"ఇయ్యకుంటే మాన్లే నాయనా. జొన్నచేనికి ఇద్దరం పోదాం."