ఆకలి రంగు

"ఆ చేతులు బాగా రుద్ది కడుగు. ఏ రోగిష్టి వాళ్ళ రక్తం పులుముకొచ్చావో ఏంటో! కడిగినా సరే, సోఫాకి మాత్రం ఆనించకు."

ల్యాబ్ నుంచి వచ్చి చెప్పులు విడిచిందో లేదో, రోజూ అత్తగారి పలకరింపు ఇదే. అదే చేతులతో వండితే ఆవిడ లొట్టలేసుకుని తింటుంది. అదే చేతులతో కాళ్ళకి మందు రాస్తే హాయిగా కళ్ళు మూసుకుంటుంది. కోడలు కాసేపు నడుం వాల్చబోతేనే ఆ రక్తం గుర్తొస్తుంది, అదేం చిత్రమో!

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫస్టున పాసైన మనిషి ఆమె. ల్యాబులో ఆమె పని కణాలు పెంచడం. రోగి ఒంట్లోంచి తీసిన గోరంత ముక్క నుంచి కణాలు వేరుచేసి, సీసాల్లో ఎర్రటి పోషక ద్రవం పోసి బతికించాలి. అవీ పసిపిల్లల్లాంటివే, వాటికి ఆదివారాలు తెలియవు. ఆకలేస్తే ఆ ఎరుపు పసుపుకు తిరుగుతుంది. వెంటనే కొత్త ద్రవం పొయ్యకపోతే చచ్చిపోతాయి, మళ్ళీ కావాలన్నా రావు. అందుకే సెలవు రోజు కూడా తాళంచెవి పట్టుకుని పరిగెత్తేది. ఆ రోజుకి జీతం లేదు. "నీది తల్లి చెయ్యమ్మా, అందరి సీసాలూ నువ్వే చూసెయ్" అనేవాడు సారు. పరిశోధన అచ్చయినప్పుడు మాత్రం పైన సారు పేరు, ఎక్కడో అడుగున కృతజ్ఞతల్లో ఆమె పేరు.

ఇన్‌ఛార్జ్ పోస్టు ఖాళీ అయితే ఇంకెవరికిస్తారు, ఆమెకేగా అనుకున్నారు అందరూ. సారు సోడాబుడ్డికి ఇచ్చాడు. దళసరి కళ్ళద్దాల ఆ అబ్బాయికి ల్యాబులో అదే పేరు. వాడికి సీసా పట్టుకోవడం నేర్పిందే ఆమె.

"నేనేం తక్కువ చేశాను సార్?"

"తక్కువేం లేదమ్మా. మీ ఆయనే ఫోన్ చేశారు. పిల్లల కోసం చూస్తున్నాం, పెద్ద బాధ్యతలు పెట్టొద్దన్నారు. నీ గురించి ఎంత ఆలోచిస్తాడో! ఆ తాళంచెవి వాడికిచ్చెయ్. పని మాత్రం దగ్గరుండి నేర్పు, పాపం కొత్త."

పిల్లల కోసమా? బయట పరీక్ష చేయించుకుంటే పరువు పోతుందని ఒకప్పుడు భర్తే చిన్న సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తన మైక్రోస్కోపు కింద చూసింది. మార్చి మార్చి చూసింది. అందులో ఒక్క వీర్యకణమూ కదల్లేదు. చెబితే చిన్నపిల్లాడిలా ఏడ్చి, "అమ్మకి చెప్పకే, తల ఎత్తుకోలేను" అని చేతులు పట్టుకున్నాడు. సరేనంది. అప్పట్నుంచి గొడ్రాలన్న మాట తనే మోస్తోంది.

ఆ సాయంత్రం అడిగితే భర్త కంచంలోంచి తలెత్తలేదు. "నీ మంచికే చేశాను. జీతం తెస్తున్నావుగా, ఇంక పెత్తనం కూడా ఎందుకు? నాకంటే పెద్ద కుర్చీ ఎక్కి నన్నేం చేద్దామని?"

ఆదివారం పొద్దున సారు భర్తకి ఫోన్ చేస్తే, అతను తెచ్చి ఆమె చేతికిచ్చాడు. సోడాబుడ్డి ఏదో పెళ్ళికి పోయాడట, ఫోన్ ఎత్తడం లేదట. సీసాలన్నీ పసుపుకు తిరిగాయని వాచ్‌మన్ అద్దంలోంచి చూసి చెప్పాడట.

"నువ్వెళ్ళమ్మా, త్వరగా!"

ఏ సీసా ఏ మూల ఉందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. అన్నీ తను బతికించినవే.

"తాళంచెవి నా దగ్గర లేదు సార్. ఇన్‌ఛార్జ్ గారిని అడగండి" అని ఫోన్ పెట్టేసింది.

"పిచ్చా నీకు? తాళం పగలగొట్టిస్తారు, వెళ్ళు! నా పరువేం కాను?" భర్త అరిచాడు.

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "పోనీలేరా, సీసాల్లో పెంచింది చాల్లే. కడుపులో ఒకటి పెంచమను, చేతనైతే!"

భర్త నవ్వాడు. పెద్దగా ఏం కాదు, పెదవి చివర కొంచెం. ఆమె చూసింది.

చేతులు కడుక్కోకుండా వెళ్ళి సోఫాలో కూర్చుంది. రెండు చేతులూ అటూ ఇటూ బారజాపి ఆనించింది. మళ్ళీ ఫోన్ మోగుతోంది. ఇప్పటికి ఆ మూల సీసా పోయుంటుంది. తర్వాత దాని పక్కది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా లేవలేదు.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. "మీ అబ్బాయి మీకో మాట చెప్పాలి. ఆయన చెప్పలేకపోతే నేను చెబుతాను."