మూలలు నల్లబడ్డ వీడియో

ముప్పైయేళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఎవరి త్రాసైనా సరిగ్గా ఉందంటే ఆయనకు నమ్మబుద్ధి కాదు. రిటైరైనా ఆ గుణం పోలేదు. తమ్ముడు కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నాడు. హాలు ఇరుకు. చుట్టాలంతా ఒక్కసారే పట్టాలంటే కామ్‌కార్డరుకి వైడ్ లెన్సు తగిలించాలని ఎవరో చెబితే కెమెరా సామాన్ల షాపుకి వెళ్లాడు.

షాపామె కామ్‌కార్డరు తిప్పి చూసి, లెన్సు బిగించే మర ముప్పైయేడు మిల్లీమీటర్లంది. ఆయన జేబులోంచి స్టీలు స్కేలు తీసి తనే కొలుచుకున్నాడు. సరిగ్గా అంతే ఉంది. అంత సరిగ్గా ఉండటమే ఆయనకు నచ్చలేదు.

ఆమె వైడ్ లెన్సూ, కామ్‌కార్డరు అద్దానికి గీతలు పడకుండా ఒక యూవీ ఫిల్టరూ బల్ల మీద పెట్టింది. వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టరు, నీళ్ల మీదా గాజు మీదా మెరుపు పోగొట్టే పోలరైజరు కూడా చూపించమన్నాడు. ఇంట్లో తీసుకునేదానికి అవి దండగంది. అమ్ముకునే మనిషే వద్దంటోందంటే ఇందులో ఏదో మతలబుంది అనుకున్నాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి సార్. వైడ్ లెన్సు పెట్టేముందు ఈ ఫిల్టరు తీసెయ్యండి. రెండూ కలిపి బిగిస్తే మూలలు నల్లబడతాయి."

కాపాడే గాజు తనే అమ్మి, తనే తీసెయ్యమంటుందా? తీస్తే అద్దానికి గీతలు పడాలి, తను మళ్లీ ఈమె గడప తొక్కాలి, అదీ ఎత్తు. సరేనని తలూపి, ఇంటికొచ్చి రెండూ కలిపే బిగించాడు.

గృహప్రవేశం నాడు వీడియో తీసేటప్పుడు కామ్‌కార్డరు చిన్న తెర మీద ఏమీ తెలియలేదు. మరుసటి ఆదివారం తమ్ముడింట్లో టీవీలో వేస్తే నాలుగు మూలలూ మసిబారినట్టున్నాయి. ఒక మూల ఫ్యాను రెక్క పోయింది, ఒక మూల కర్టెను, ఒక మూల చెప్పుల గుట్ట. నాలుగో మూల చెల్లెలు పోయింది. మోచెయ్యి మాత్రం మిగిలింది. అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. అమ్మ కుట్టుమిషను ఎవరింట్లో ఉండాలనే దాని మీద పోయినేడు అన్నాచెల్లెళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది.

ఆమె ఆయన్ని వంటింట్లోకి పిలిచింది. "కావాలనే చేశావు కదూ, అన్నయ్యా?"

తన తప్పు కాదు, గాజు తప్పన్నాడు. ఆమె వినలేదు. చేసేదిలేక ఆమెను హాల్లో ఆరోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టి, ఫిల్టరు విప్పి, మళ్లీ వీడియో తీసి చూపించాడు. ఈసారి చెవి జూకాతో సహా కనిపించింది. దాంతో ఆమె అనుమానం ఇంకా ముదిరింది.

"అంటే సరిగ్గా తీయడం నీకు తెలుసన్నమాట."

"రెండూ కలిపి బిగించొద్దని షాపామె ముందే చెప్పింది. నేనే నమ్మలేదు," అన్నాడు.

చెల్లెలు ఆయన మొహంలోకి తేరిపార చూసింది. "అదైతే నమ్ముతాను," అంది.

తర్వాత అందరినీ మళ్లీ అవే చోట్లలో కూర్చోమని పిలిచింది. తను కూర్చునే ముందు మాత్రం కామ్‌కార్డరు అడిగి తీసుకుని, ఆ ఫిల్టరు నిజంగా విప్పాడో లేదో వేలితో తడిమి చూసుకుంది.