చటుక్కున అన్న ఒక్క మాట

గరిటెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మెరుపు అనే పిలిచేవారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. రేకుముక్క ప్రెస్సు కింద పెట్టడం, కాలితో పెడలు తొక్కడం, అచ్చుపడిన గరిటె తీసి తొట్టిలో వెయ్యడం. ఆమె చేస్తుంటే ఈ మూడూ ఒకే పనిలా ఉండేవి. కొత్తగా చేరినవాళ్లను మేస్త్రీ ఆమె పక్కన నిలబెట్టి, "చూసి నేర్చుకోండి. అలా ఆడాలి చెయ్యి" అనేవాడు.

ఒక మధ్యాహ్నం, పెడలు తొక్కకుండానే ప్రెస్సు దిగింది. ఆమె కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి. అలా దానంతటది దిగడం ఆ వారంలో మూడోసారి. మొదటి రెండుసార్లూ ఆమె మేస్త్రీతో చెప్పింది. "చూద్దాంలే" అన్నాడతను.

అయిదో రోజున మరిది కాగితాలు చంకన పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో అతను గుమాస్తా. చిన్నప్పుడే తల్లి పోతే ఈ వదినే పెంచి చదివించింది. భర్త పోయాక కూడా అతనికి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరికి ఏ అర్జీ కావాలన్నా అతని దగ్గరికే వచ్చేవారు. మాటను ఎక్కడ ఎలా వెయ్యాలో బాగా తెలిసినవాడని పేరు.

"ఏం జరిగిందో చెప్పు వదినా, రాసుకుంటా."

"ఏముంది చెప్పడానికి? గరిటె తీస్తున్నా. పెడలు మీద కాలే లేదు. దబ్బున దిగింది ప్రెస్సు."

అతను రాసి చదివి వినిపించాడు: "నేను గరిటె తీయుటకై చటుక్కున చేయి లోపల పెట్టగా, ప్రెస్సు దిగినది."

"చటుక్కున అనలేదే నేను? ఎప్పట్లాగే పెట్టా. అదే దబ్బున దిగింది."

"దబ్బున అని ఆఫీసు కాగితంలో రాస్తారా ఎవరన్నా? మోటుగా ఉంటుంది. అన్నీ ఒకటేలే" అంటూ అతను ఆమె ఎడమచేతి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. నొప్పిమందు మత్తులో ఉన్న ఆమె, మరిదే కదా అని ఊరుకుంది.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. బయటినుంచి వచ్చిన అధికారి వాంగ్మూలం చదివి తలెత్తాడు.

"చటుక్కున అని ఉంది. అంటే తొందరపడిందనేగా?"

"అది నా మాట కాదు బాబూ" అంది ఆమె. "ప్రెస్సే దబ్బున..."

మేనేజరు గుమాస్తా వైపు చూశాడు. మరిది గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కోదానికి ఒక్కో తీరుందండీ. ఎవరన్నా పిలిస్తే గిరుక్కున తిరుగుతాం. పీడకలొస్తే దిగ్గున లేస్తాం. బిడ్డ పడిపోతుంటే గభాలున పట్టుకుంటాం. అవి ఆలోచించి చేసేవి కావు. చటుక్కున అంటే అలా కాదండీ. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, కావాలని అందుకుంటాం."

"భలే చెప్పావయ్యా!" అన్నాడు అధికారి ముచ్చటపడి. మరిది సిగ్గుపడుతూ నవ్వాడు. బళ్లో పద్యం తప్పులేకుండా అప్పజెప్పి వచ్చిన రోజున కూడా వాడు అలాగే నవ్వేవాడు. 

"చెయ్యి ఎలా పెట్టావో చూపించమ్మా" అన్నాడు మేనేజరు.

ఆమె కట్టుకట్టిన చేతిని బల్లమీదికి చాచింది. మేనేజరు పక్కనున్న లావుపాటి దస్త్రం ఎత్తి, ఆ చేతి పక్కన దభీమని పడేశాడు. ఆమె కెవ్వుమని చెయ్యి గుండెలకు లాక్కుంది. కట్టు మీద ఎర్రగా మరక పొడుచుకొచ్చింది.

"చూశారా? ఇంత చురుకైన మనిషి! మెరుపని ఊరికే అంటారా? ప్రెస్సు దానంతటది దిగితే ఆరోజు మాత్రం చెయ్యి లాక్కోలేకపోయిందా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రీ పకపకా నవ్వాడు. అధికారి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ ఏదో రాసుకున్నాడు. మరిది కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

తొందరపాటు కార్మికురాలిదేనని, పరిహారం రాదని తేల్చారు. దయతలచి ఊడ్చే పని ఇచ్చారు.

ఆ పనిలో చేరిన మూడోవారం ప్రెస్సు చుట్టూ ఊడుస్తుంటే, అడుగున పేరుకున్న చెత్తలో విరిగిన స్ప్రింగు ఒకటి చీపురుకి తగిలింది. అదేమిటని మెకానిక్కును అడిగింది.

"ఈ ప్రెస్సుదే. ఇది విరిగే దానంతటది దిగేది. నీ చెయ్యి పోయిన మర్నాడే మార్చేశాం. రిజిస్టర్లో మీ మరిదే రాశాడుగా, నీకు చెప్పలేదా?"

సాయంత్రం ఆమె దాన్ని తీసుకెళ్లి మరిది ముందు పెట్టింది. అతను తిప్పి చూసి కిందపెట్టాడు.

"విచారణ రోజుకే తెలుసా నీకు?"

"తెలిస్తే? నేను రాయకపోతే ఇంకోడు రాసేవాడు. నా ఉద్యోగం కూడా పోయేది. ఈ చీపురైనా నేను బతిమాలితేనే వచ్చింది నీకు."

"రేపటినుంచి నీ కుంపటి నువ్వు పెట్టుకో. నా చేతికూడు నీకు లేదు."

అతను ఆమె చేతివంక చూసి నవ్వాడు. "ఏ చేతికూడు వదినా?"

ఆమె వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బా మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో మూత లాగింది. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగింది. అతను లేచి వచ్చి, ఒక్క గుంజుకి మూత తీసి ఆమె ఒళ్లో పడేసి, "ఇద్దరికీ వండు" అన్నాడు.

 ఆమె ఇద్దరికీ సరిపడా బియ్యం కొలిచింది.