హన్నమ్మ ఉపవాసం

హన్నమ్మ ఇంట్లో పదకొండు స్టీలు బేసిన్లున్నాయి. వాటిలో ఒక్కటీ కొన్నది కాదు. ఆళ్లగడ్డ చర్చిలో ఏటా పెట్టే బైబిలు కంఠత వాక్యాల పోటీలో గెలుచుకున్నవి. ఎన్ని వాక్యాలిచ్చినా సరే, కళ్ళు మూసుకుని ఒక్క మాట జారకుండా అప్పజెప్పేది. మధ్యలో ఎవరైనా దగ్గితే మాత్రం ఆగిపోయేది. మళ్ళీ మొదటి మాట నుంచి ఎత్తుకోవలసిందే. దాన్నెవరూ ఆమె తప్పుగా లెక్కేయలేదు. దగ్గినవాళ్ళను గుర్రుగా చూసేవాళ్ళు.

నడుమ ఎనిమిదేళ్ళు బేసిన్లు రాలేదు. ఆ ఎనిమిదేళ్ళు ఆమె కువైట్‌లో ఇంటిపని చేసింది. తిరిగొచ్చాక బంధువుల్లో ఆమె మాటకు బరువు పెరిగింది. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, “కువైట్‌లో అయితే” అని మొదలుపెట్టేది. బంగారు రంగు కొళాయిలు, మనిషి నిలబడేంత ఫ్రిజ్‌లు, కారుకు ఒక గది. అందరికంటే శ్రద్ధగా వినేది ఆమె తోడికోడలు ఫెబా. ఫెబా భర్త జీవన్ కుమార్ ఆటో నడుపుతాడు. నంద్యాల దాటి ఆమె ఎక్కడికీ పోలేదు. కొళాయిల కథ ఎన్నిసార్లు విన్నా మొదటిసారి విన్నట్టే నోరు తెరుచుకుని కూర్చునేది. అందుకే హన్నమ్మకు ఆమె అంటే ప్రేమ. ఆ ప్రేమలో సగం తన కథ మీద ఉన్న ప్రేమేనని అప్పటికి ఆమెకు తెలియదు.

హన్నమ్మ భర్త రాజరత్నం శిల్పాల షెడ్డులో రాళ్ళు ఎత్తే పని చేసేవాడు. నిరుడు ఒక బండ జారి పాదం మీద పడింది. అప్పటినుంచి నిలబడి చేసే పని ఏదీ చేయలేడు. కూతురు రమ్య ఇంటర్ చదువుతోంది. మళ్ళీ బయటి దేశం పోక తప్పదని హన్నమ్మ నంద్యాలలో ఏజెంటు అన్సార్ భాయ్ దగ్గరికి వెళ్ళింది. సింగపూర్‌లో ఒక ముసలమ్మను చూసుకునే పని ఉందని, కాకపోతే అక్కడ అరబ్బీ పనికిరాదని, రోజువారీ ఇంగ్లీషు రావాలని అతను చెప్పాడు. మందుల షాపులో అడగడం, బస్సు ఎక్కడం, డాక్టరుకు నొప్పి చెప్పడం, ఆ మాత్రం చాలన్నాడు. నంద్యాల చర్చి పక్క గదిలో రిటైరైన ఎలిజబెత్ టీచరమ్మ అట్లా పోయే ఆడవాళ్ళకు ఊరికే నేర్పుతోందట.

ఒక్కతే బస్సులో పోవడం విసుగని హన్నమ్మే ఫెబాను తోడు పిలిచింది. ఈ మాట తర్వాత రోజుల్లో ఆమె చాలాసార్లు తలచుకుంది. తలచుకున్న ప్రతిసారీ తన నోరు తానే కొట్టుకోవాలనిపించింది.

క్లాసులో మొదటి రెండు వారాలూ హన్నమ్మవే. టీచరమ్మ ఇచ్చిన కాగితాల్లో ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసి ఉండేవి. ఒక పాఠంలో పది ప్రశ్నలు, పది జవాబులు. హన్నమ్మ వాటిని వాక్యాల మాదిరిగానే పట్టింది. గిన్నెలు తోముతూ ఒక పాఠం, జొన్నరొట్టెలు తడుతూ ఒక పాఠం. ప్రశ్నా తనే, జవాబూ తనే. పేరుతో మొదలుపెడితే ఊరు, వయసు, వంట, బట్టలు, మందులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. మిగతా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. తోడొచ్చి తనూ పాఠానికి కూర్చున్న ఫెబాకు మాత్రం నాలుగు మాటలు వరసగా నిలిచేవి కావు. హన్నమ్మ జాలిపడి బస్సులో నేర్పించేది. పైనుంచి కిందికి చూసే జాలి ఎంత సుఖంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

మూడో వారం టీచరమ్మ వాళ్ళందరినీ ఒక పెద్ద షాపుకు తీసుకుపోయింది. అక్కడ వినీత అనే అమ్మాయి సామాన్లు అందిస్తుంది. ఆమె టీచరమ్మ పాత విద్యార్థే. ఆమెతో ఇంగ్లీషులోనే మాట్లాడి తలా ఒక వస్తువు కొనాలి. ఉప్పు కొనబోయిన హన్నమ్మ కాగితంలో ఉన్నట్టు నమస్కారం చెప్పి నోరు తెరిచిందో లేదో, ఆ పిల్ల ఎన్ని కిలోలు కావాలని అడిగేసింది. కాగితంలో ఆ ప్రశ్న ఆరోది. హన్నమ్మ ఆగిపోయింది. మళ్ళీ నమస్కారం నుంచి ఎత్తుకుంది. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

తర్వాత ఫెబా. ఆమెకు చక్కెరను ఏమంటారో గుర్తు రాలేదు. నాలుక చప్పరించింది, చేత్తో టీ కలిపినట్టు తిప్పింది, “సాల్ట్ నో, సాల్ట్ తమ్ముడు” అంది. వినీత పగలబడి నవ్వి చక్కెర పొట్లం తెచ్చి ముందు పెట్టింది. టీచరమ్మ ఫెబా వీపు తట్టి, “అట్ల మాట్లాడాలమ్మా. రాకపోతే చేతులున్నాయి గదా” అంది. హన్నమ్మ ఉప్పు లేకుండానే బయటికొచ్చింది.

ఆ రోజు మొదలైంది కడుపుమంట. ఇన్నాళ్ళూ కథ వింటూ కూర్చున్న మనిషి లేచి తనే కథ చెప్పడం మొదలుపెడితే ఎట్లా ఉంటుంది? ఫెబా కండక్టరుతో ఇంగ్లీషు, భర్త ఆటో ఎక్కే లెక్చరర్లతో ఇంగ్లీషు, ఆళ్లగడ్డ బస్టాండులో సోడా తాగుతూ ఇంగ్లీషు. అన్నీ తప్పులే. ఆ తప్పులు వింటుంటే హన్నమ్మకు ఒళ్ళు మండేది. అంతకంటే మండించింది, ఆ తప్పుల ఇంగ్లీషు అందరికీ అర్థం కావడం. జీవన్ కుమార్ తన పెళ్ళాం గురించి గొప్పగా చెప్పుకుంటుంటే రాజరత్నం కూడా నవ్వుతూ తలూపాడు. ఆ పూట హన్నమ్మ అతనికి కూరలో కారం రెండింతలు వేసింది.

ఇంతలో అన్సార్ భాయ్ ఫోన్ చేశాడు. సింగపూర్ మేడమ్ శనివారం వీడియోలో మాట్లాడుతుందట. టీచరమ్మ ఆమె పేరూ ఫెబా పేరూ చెప్పిందట. ఫెబా కూడా పోతానందట. “ఇద్దురూ రాండి అక్కా. ఆమెకు ఒక్క మనిషే గావాల. ఎవురు నచ్చితే వాళ్ళు” అన్నాడు. తను వెతుక్కున్న పనికి, తను తోడు పిలిచిన మనిషి పోటీ. హన్నమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు బేసిన్లు తుడుస్తూ కూర్చుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. హన్నమ్మ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. దేని గురించని ఆడవాళ్ళు అడిగితే సింగపూర్ పని గురించని చెప్పింది. అది అబద్ధం కాదు. కానీ మోకాళ్ళూని, ముసుగు ముఖం మీదికి లాక్కుని, లోపల్లోపల ఆమె అడిగింది వేరు. ప్రభువా, రేపు ఒక్కరోజు ఫెబా గొంతు మూసెయ్. ఎక్కువ వద్దు, ఒక్క రోజు చాలు. కావాలంటే ఆదివారం తిరిగి ఇచ్చెయ్. దేవుడితో కూడా బేరం ఆడిందంటే కుళ్ళు ఎంత ముదిరిందో చూడండి.

శనివారం బస్సెక్కినప్పుడు ఫెబా పలకరించబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉంది. పక్కనున్న జీవన్ కుమార్ చెప్పాడు, వారం రోజులుగా ఆటోలోనూ బస్సులోనూ గాలికి ఎదురుగా అరిచి మాట్లాడి, పైగా చల్లటి సోడాలు తాగి గొంతు పూర్తిగా పోయిందని. సోడాల సంగతి హన్నమ్మకు వినబడలేదు.  కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. భయం వేసింది. ఆ భయం అడుగున సంతోషం కూడా ఉంది. రెండూ నంద్యాల దాకా ఆమెతోనే ప్రయాణం చేశాయి.

అన్సార్ భాయ్ ఆఫీసు మేడ మీద చిన్న గది. ఫోనును నీళ్ళ బాటిల్‌కు ఆనించి పెట్టాడు. ముందు హన్నమ్మ కూర్చుంది. తెరలో మేడమ్ నవ్వి, నువ్వు వంట చేయగలవా అని ఇంగ్లీషులో అడిగింది. కాగితంలో వంట నాలుగో ప్రశ్న. హన్నమ్మ పేరు నుంచి మొదలుపెట్టి, ఊరు చెప్పి, వయసు చెప్పి, తన ప్రశ్నలు తనే వేసుకుంటూ వంట దాకా వచ్చింది. మేడమ్ ఓపిగ్గా ఆగింది. తర్వాత ఇంకేదో అడిగింది. హన్నమ్మ మళ్ళీ, “మై నేమ్ ఈజ్ హన్నమ్మ” అంది. అన్సార్ భాయ్ తల గోక్కున్నాడు.

మేడమ్ ఫోన్ తిప్పింది. చక్రాల కుర్చీలో ఒక ముసలమ్మ. పక్షవాతం వచ్చి ఆమెకు మాట పోయింది, చెవులు కూడా సరిగ్గా వినబడవు. అమ్మతో మాట్లాడమని మేడమ్ అడుగుతోందని అన్సార్ భాయ్ తెలుగులో చెప్పాడు. హన్నమ్మ గొంతు పెంచి మూడో పాఠం మొత్తం అప్పజెప్పింది. ఒక్క మాట జారలేదు. ముసలమ్మ గోడవైపు చూస్తోంది.

ఫెబా వంతు వచ్చింది. ఆమె తన గొంతు చూపించి, చేతులు తిప్పి, మాట లేదన్నట్టు సైగ చేసింది. ముసలమ్మ తల ఇటు తిరిగింది. ఫెబా మళ్ళీ గొంతు చూపించి, తర్వాత ముసలమ్మ గొంతు వైపు వేలు చూపించి, నీకూ అంతేనా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. ముసలమ్మ తలూపింది. నీళ్ళు కావాలా అని ఫెబా బొటనవేలు పెదాలకు ఆనించింది. ముసలమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. కాళ్ళు లాగుతున్నాయా అని తన పిక్క పిసుక్కుంది. ముసలమ్మ ఎడమ కాలు చూపించింది. చూపించి, ఏడుపు నవ్వు ఒకటే అయిన ముఖంతో మేడమ్ వైపు చూసింది. మేడమ్ కళ్ళు తుడుచుకోవడం హన్నమ్మ కూడా చూసింది.

మేడమ్ తనకు ఫెబానే కావాలంది. ఇంకొక పని వస్తే నీకే చెప్తానని అన్సార్ భాయ్ హన్నమ్మకు మర్యాదగా చెప్పాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. జీవన్ కుమార్ ముందు సీట్లో ఫోన్‌లో అందరికీ చెప్పుకుంటున్నాడు. శిరివెళ్ళ దాటేవరకు హన్నమ్మ బిగబట్టుకుంది. తను అడిగినదే దేవుడు ఇచ్చాడు. ఇచ్చి, దాంతోనే ఈ పని ఫెబా ఒళ్ళో వేశాడు. ఇది ఎవరికి చెప్పుకోవాలి? చివరికి, జవాబు చెప్పలేని మనిషికే చెప్పింది.

“నిన్న నేను ఉపవాసముండింది నీ గొంతు పోవాలని మే. నీ మీద కుళ్ళుతో ఉండినా.”

ఫెబా ఆమె ముఖంలోకి చూసింది. కోపమో, నవ్వో, హన్నమ్మకు అర్థం కాలేదు. సింగపూర్ ముసలమ్మకు అర్థమైన మనిషి తనకు అర్థం కాలేదు. ఆళ్లగడ్డ వచ్చేవరకు ఫెబా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

పై ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఫెబా లేచింది. గొంతు సగం వచ్చింది. పాస్టరు జయరాజయ్య మైకు ఇచ్చాడు. పని దొరికిందని, వచ్చే నెల పోతున్నానని చెప్పింది. హన్నమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. ఇప్పుడు చెప్తుంది, అందరి ముందూ చెప్తుంది అనుకుంది.

“మా అక్క గూడా నా గురించి ఉపవాసముండింది అయ్యగారూ. మా అక్క ప్రార్థన దేవుడు ఇంటాడు, నాకు బాగా తెలుసు. నేను పోయే దారి కోసరం ఆమెనే ప్రార్థన చేయమనండి.”

అందరూ హన్నమ్మ వైపు తిరిగారు. మెచ్చుకోలుగా చూశారు. ఆమె లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ ఒకదాని వెనక ఒకటి వచ్చే వాక్యాలు ఒక్కటీ రాలేదు. ప్రయాణాలకు చెప్పేవి, దీవెనలకు చెప్పేవి, ఎన్ని వచ్చు ఆమెకు! మొదటి మాట దొరికితే కదా తక్కినవి. ఎవరో దగ్గారు. ఆమె కళ్ళు తెరవలేదు.

“ప్రభువా” అంది. “నాకు కుళ్ళుగా ఉంది. ఈ పిల్ల పోతాంటే నాకింకా కుళ్ళుగానే ఉంది. నీకు తెలుసు.”

చర్చిలో చీరల సద్దు ఆగిపోయింది.

“కువైట్‌లో నేను మొదటి నెలంతా సగం ఆకలితో పండుకున్నా. ఆకలని చెప్పేదానికి మాట రాల్యా. చెయ్యి కడుపు మీద పెట్టి చూపీను గూడా నాకు సిగ్గాయె. ఆ సంగతి ఈడ ఎవురికీ చెప్పల్యా, కొళాయిల గురించే చెప్పినా. ఈ పిల్లకు ఆ సిగ్గు లేదు. దీనికి ఆ సిగ్గు రానియ్యొద్దు. ఆకలైతే అడగనియ్యి. పదిలంగా తీసకపో, పదిలంగా తీసకరా.”

ఇంకేం చెప్పాలో తెలియక ఆగిపోయింది. ఈసారి మొదటికి పోవాలనిపించలేదు. రాజరత్నం తల దించుకుని ఉన్నాడు. రమ్య తల్లిని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఇట్లాంటి ప్రార్థనకు ఆమెన్ అనొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. పాస్టరయ్య కూడా ముందు అనలేదు.

బొంగురు గొంతుతో ముందు ఫెబా అంది.