బండ వైపు తలుపు

దమాసో మూడోసారి మందునీళ్ళు పోసి కడిగిన డబ్బాను బోర్లించి, చివరి చుక్క జారేదాకా ఆగాడు. మూత బిగించాడు. పైన నీలం డేరా మడిచి పెట్టి, తాడు రెండు భుజాల మీదుగా తెచ్చి రొమ్ము దగ్గర ముడి వేసుకున్నాడు. కొండలు చూడవచ్చి కనుమ ఎక్కే విదేశీ దొరలకు మరుగుదొడ్డి మోయడం అతని పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని.

దొరలు ముందే బయల్దేరారు. కొండ మెట్ల మీద వాళ్ళను దాటిపోయి, వాళ్ళు పైకి చేరేసరికి అతను డేరా వేసి ఉంచాలి.

“ఏం బావా, సింహాసనం లేచిందా?” అన్నాడు వంటవాడు హిలారియో. కూలీలు నవ్వారు. దమాసో వాళ్ళకు పది అడుగుల అవతల, గాలి వాలున కూర్చుని తింటాడు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. లేచి రమ్మనీ ఎవరూ చెప్పలేదు. వంటమూట మోసేవాడైతే పొయ్యి పక్కన కూర్చోవచ్చు. ఏటేటా ఆ మూటే అడుగుతున్నాడు. భార్య కసిమిరాకు మాత్రం తాను గిన్నెలు మోస్తున్నానని మొదటి ఏడే చెప్పేశాడు.

దొరలకు దారి చూపే ఫ్రెదీ అతని కోసం వెనక ఆగాడు. “ఈసారి డేరా తలుపు మంచుకొండ వైపు పెట్టు మామా. దొరసాని కూర్చుని కొండను చూడాలంటోంది.”

“కొండ కూడా ఆమెను చూస్తుంది కదా.”

“చూడనీ. పెట్టావంటే వచ్చే వారం నుంచి వంటమూట నీదే.”

దమాసో అలుపు తెలియకుండా నమిలే కోకా ఆకు బుగ్గన పెట్టుకుని మెట్లెక్కాడు. టైరు చెప్పుల్లో అతని వేళ్ళు కొండరాయిలా నెర్రెలిచ్చి ఉన్నాయి. దొరలు చెరో రెండు కర్రలు పొడుచుకుంటూ, వీపు మీది నీళ్ళసంచిలోంచి వచ్చే గొట్టాన్ని దూడల్లా చప్పరిస్తూ ఎక్కుతున్నారు. ఎడమ పక్క గట్టు వెనక గట్టు నీలంగా పరుచుకుంది. ఊపిరి అందనప్పుడల్లా వాళ్ళు ఆగి దాన్ని మెచ్చుకుంటారు. అందగానే మెచ్చుకోవడం ఆపేస్తారు. అతను దాటుతుంటే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నారు. వాళ్ళదే ఆ డబ్బా.

కనుమ మీద ఎదురుగా మంచుకొండ. అతని తండ్రి, తాత మూడేసి కోకా ఆకులు చేతబట్టి, వాటి మీద ఊది మొక్కిన కొండదేవర. దమాసో చేతులు రెండుసార్లు తుడుచుకుని తానూ ఊదాడు. ఎప్పుడూ డేరా తలుపు బండ వైపే పెట్టేవాడు. ఇవాళ కొండ వైపు పెట్టాడు. పొయ్యి వెచ్చదనం గుర్తొచ్చింది.

తర్వాత ఎందుకో లోపలికెళ్ళి ఆ డబ్బా మీద కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు. తెరిచిన తలుపులోంచి కొండ అతన్ని చూసింది. దమాసో టోపీ తీసేసి, తల వంచుకుని బయటికొచ్చాడు.

డేరాను బండ వైపు తిప్పేశాడు. నలుగురు పట్టినా కదలకుండా చుట్టూ రాళ్ళు పేర్చాడు. తాడు చుట్టి భుజాన వేసుకుని, వచ్చిన దారినే దిగాడు.

దొరలు ఎదురొచ్చి పలకరింపుగా నవ్వారు. వీపున మూట లేకపోతే వాళ్ళతన్ని పోల్చుకోలేరు. అంతకుముందు అతని ముఖం ఎవరూ చూడలేదు.

అందరికన్నా వెనక ఫ్రెదీ ఉన్నాడు. “ఎక్కడికి మామా?”

“ఇంటికి.”

“తలుపెటు పెట్టావు?”

“ఎప్పుడూ పెట్టే వైపే.”

“వంటమూట వద్దా?”

“అందులో ఏముంటుంది ఫ్రెదీ? వాళ్ళు తిన్నాక రేపటి నా మూటే కదా.”

ఫ్రెదీ ఏదో అంటూనే ఉన్నాడు. దమాసో మలుపు తిరిగాడు. ఖాళీ వీపుతో నడక కుదరక, మెట్టు మెట్టుకూ ముందుకు తూలుతూ దిగుతున్నాడు. ఇంటికెళ్ళి గిన్నెలు దించేశానని చెప్పాలి.

పైన నీలం డేరా గాలికి ఉబ్బుతూ, తగ్గుతూ నిలబడి ఉంది. తలుపు తీస్తే ఎదురుగా బూడిదరంగు బండ, దాని మొదట్లో మూటలు మోసే లామాల ఎండిన పేడ.