సోఫా అడుగున మిరప్పండు

మా ఇంట్లో నాకంటే పెద్ద నోరు మిరప్పండుది. పిడికిట్లో పట్టేంత ఆఫ్రికా చిలుక. లవ్‌బర్డ్ అంటారే, అదే. ఒళ్లంతా ఆకుపచ్చ, మొహం మాత్రం ఎరుపు. దాని మొగుడి పేరు బుద్ధిమంతుడు. పెళ్లాం ఎంత అరిచినా కిక్కురుమనడు. ఆ పేరు ఎవరిని చూసి పెట్టానో మా ఆయనకు తెలుసు, అందుకే అడగడు.

పాత సోఫాలకు కొత్త బట్ట వేయడం మా పని. ముందుగదిలోనే పని, ముందుగదిలోనే పంజరం. మధ్యాహ్నం కాసేపు తలుపులు మూసి రెండింటినీ వదులుతాం. గుడ్లు పెట్టే రోజులొస్తే మిరప్పండు గుడ్డముక్కల్ని సన్నగా పీలికలు చేసి, తోక మొదట్లో ఈకల్లో దోపుకుని, ఏ చీకటి సందు దొరికితే అందులో దూరుతుంది. అందుకే పిన్నులు కొట్టే గన్ను తీసేముందు రెండూ పంజరంలో ఉన్నాయో లేదో చూడటం నా వంతు.

ఆ రోజు పళ్ల డాక్టరమ్మగారి సోఫా తీసుకెళ్లడానికి వచ్చిన బండి వాకిట్లో హారన్ మీద హారన్ కొడుతోంది. బుద్ధిమంతుడు పుల్ల మీద కూర్చున్నాడు. మిరప్పండు గూటిపెట్టెలో పడుకుని ఉంటుందిలే అనుకుని పంజరం తలుపేశాను. పెట్టెలో వేలు పెట్టి చూస్తే నా సొమ్మేం పోయేది! సోఫా బోర్లించి అడుగుగుడ్డ బిగించి పట్టుకున్నాను. ఆయన చుట్టూ టకటకా పిన్నులు కొట్టేశాడు. బండి వెళ్లిపోయింది.

గింజలు వేయడానికి వెళ్తే తిట్లు వినపడలేదు. గూటిపెట్టెలో వేలు పెట్టాను. ఖాళీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బీరువా వెనక, మిషను కింద, స్పాంజి ముక్కల మధ్య వెతికాను. సోఫా ఉన్నచోట నేల మీద సన్నటి బూడిదరంగు పీలికలు పడున్నాయి.

ఆయన వాటివంక చూశాడు. తర్వాత గన్ను వంక చూశాడు.

"లోపల పెట్టి కొట్టేశానేమోనే," అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బుద్ధిమంతుణ్ణి చిన్న పంజరంలోకి మార్చి, డాక్టరమ్మ ఇంటికి ఆయన వెనక స్కూటర్ ఎక్కాను. జంటలో ఒకటి పిలిస్తే రెండోది ఉన్నచోటి నుంచి పలుకుతుంది. పలక్కపోతే అన్న మాట ఇద్దరం దారంతా ఎత్తలేదు.

డాక్టరమ్మ అత్తగారు సరిగ్గా సోఫా నడిమధ్యన కూర్చుని టీవీ చూస్తున్నారు. భారీ మనిషి. ఆవిడ కాస్త కదిలితే చాలు, కింద స్ప్రింగు కిర్రుమంటోంది.

"అమ్మా, లేవండి!" అని అరిచేశాను, మర్యాదా మన్ననా లేకుండా.

"ఇప్పుడేగా తెచ్చారు, ఏమైంది?" అంది డాక్టరమ్మ.

"లోపల మా పిట్ట ఉందండీ."

"నేను కూర్చున్నదాంట్లోనా?" అంటూ ఆ పెద్దావిడ వయసు మరిచిపోయి లేచారు.

టీవీ ఆపించాం. నలుగురం కలిసి సోఫాను మెల్లగా పక్కకు వాల్చాం. పంజరం మీది గుడ్డ తీశాను. బుద్ధిమంతుడు బెదిరిపోయి మూల నక్కాడు.

"పిలవరా నాయనా, నీ పెళ్లాంరా," అన్నాను. ఇన్నాళ్లూ వాడు మాట్లాడకపోతే నవ్వుకున్నాను, ఇప్పుడు వాణ్ణి కొట్టాలనిపించింది.

ఉన్నట్టుండి వాడు మెడ చాచి కీచుమన్నాడు. జవాబు లేదు. మళ్లీ అరిచాడు. ఏమీ లేదు. ఒక్క పిన్ను చాలు దాని ఒంటికి, ఒక్కటి!

మూడోసారి వాడు అరిచాక సోఫా లోపల ఎక్కడో ఎక్కిళ్లలాంటి చిన్న చప్పుడు. తిట్టు కాదు, అరుపు కాదు. మిరప్పండుకు అంత చిన్న గొంతు ఉందని నాకు తెలియదు.

కత్తి పెడితే దాని మీద పడుతుందని, ఆయన పటకారుతో ఒక్కో పిన్నూ పీకాడు. పటకారు రెండుసార్లు జారింది. గుడ్డ వదులైంది. చెక్కకూ, స్ప్రింగుల కింద బిగించిన పట్టీకీ మధ్య, ఒళ్లంతా దుమ్ము పట్టి, కదలకుండా ఉంది మిరప్పండు. కదలడానికి లేదు. తోక మొదట్లో దోపుకున్న పీలికల మీద నుంచి ఒక పిన్ను చెక్కలో దిగబడి ఉంది. వెంట్రుక వాసి ఇవతలికి వచ్చుంటే ఒంట్లో దిగేది.

ఆయన ఆ పిన్ను పీకాడు. నేను చేతిలోకి తీసుకోబోతే నా వేలు పట్టి కొరికింది. రక్తం వచ్చింది. ఎప్పుడూ కొరకని పిట్ట. నాకు ఏడుపూ వచ్చింది, హమ్మయ్య అనీ అనిపించింది.

"నన్నూ కొరకవే," అంటూ ఆయన వేలు చాపాడు.

అది కొరకలేదు. ఆ చెయ్యి చూడగానే ఒళ్లంతా ముడుచుకుని వెనక్కి వెనక్కి జరిగి, నా అరచేతిలో తల దాచుకుంది. దాని వణుకు నా మోచేతి దాకా తెలిసింది.

ఆయన వేలు అలాగే ఉంచాడు, చాలాసేపు.