రేడియో మూగబోయిన శ్రమదినాలు

అసలు పేరు చర్చి రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది గాని, అతన్ని ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పెద్దాచిన్నా అందరికీ అతను రేడియో. సెలూన్ నడుపుకుంటాడు. రెండు కుర్చీలు, గోడంత అద్దం, మూలన ఒక బేసిన్. కత్తెర ఆడినంతసేపూ నోరు ఆడాల్సిందే. ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టిన కథ కుడి చెవి దాకా వచ్చినా తెమిలేది కాదు, ముగింపు కావాలంటే గడ్డం కూడా గీయించుకోవాలి. వ్యాపారం తెలిసినవాడని కొందరూ, వాగుడుకాయని కొందరూ అనేవాళ్ళు. రెండూ నిజమే. "దేవుడు నీకు నోరిచ్చాడు గాని, దానికి తలుపు పెట్టడం మర్చిపోయాడు" అనేది అతని భార్య.

ఆ భార్య పోయింది. వానలు మొదలైనప్పుడు జ్వరమని ఆస్పత్రిలో చేర్చారు, వానలు తగ్గకముందే పోయింది. డాక్టరు రాసిన ఇంజెక్షన్ తేవడానికి రేడియో కిందికి, మందుల షాపుకి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ కూతుర్ని మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి వెళ్ళాడు. షాపు దగ్గర జనం. మందు చేతికొచ్చి, మెట్లెక్కి పైకొచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పట్నుంచి అతనికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకడానికి డాక్టరు సూది వేస్తే దవడ ఉండీ లేనట్టు ఉంటుంది చూడండి, మనిషంతా అలా ఉన్నాడు. అన్నం తినేవాడు, షాపు తీసేవాడు, రాత్రయితే పడుకునేవాడు. పాప మాత్రం అప్పుడప్పుడు దగ్గరకొచ్చి, "నాన్నా, ఆ రోజు అమ్మ..." అని మొదలుపెట్టేది. అంతే, ఇతను లేచేవాడు. పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు వంటింట్లోకి పోయేవాడు. ఏమీ మాడేది కాదు. ఆ పిల్ల దగ్గర ఆ ఆఖరి గంట ఉంది. అది వినాలంటే ఈ పెద్దమనిషికి భయం. ఉన్నమాట చెప్పాలంటే ఈ కథంతా ఇదే.

సరే, శ్రమదినాలు వచ్చాయి, ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసకాలం. వాళ్ళ చర్చి సంఘంలో ఒక పద్ధతుంది. మొదటి రోజు, అంటే బూడిద బుధవారం నాడు, ఒక్కొక్కరూ లేచి నిలబడి, ఈస్టర్ దాకా తాము ఏం విడిచిపెడుతున్నారో చెప్పాలి. అక్కడితో అయిపోదు. విడిచిపెట్టింది ఎవరికి చేరుతుందో కూడా చెప్పాలి. "ఊరికే మానేస్తే అది పొదుపమ్మా, కానుక కాదు. నువ్వు వదిలింది ఇంకొకరి చేతిలో పడాలి" అంటారు పాస్టరుగారు. దీన్ని వాళ్ళు 'విడుపు' అంటారు. చిన్నపిల్లలకి మాత్రం మినహాయింపు, మనసులో అనుకుని తమలోనే దాచుకుంటే చాలు.

ఆ సంవత్సరం బస్సు డ్రైవరు సిగరెట్లు విడిచిపెట్టాడు, ఆ డబ్బుతో అనాథాశ్రమానికి పాలు. బేకరీ ఆవిడ మధ్యాహ్నం కునుకు విడిచిపెట్టింది, ఆ గంట మంచాన పడ్డ పక్కింటి ముసలాయనకి. ఒక అత్తగారు లేచి, కోడల్ని తిట్టడం మానేస్తానంది. "మరి ఆ తిట్లు ఎవరికిస్తావు పిన్నీ?" అని వెనకబెంచీ నుంచి ఎవరో అడిగితే చర్చి చర్చంతా గొల్లుమంది. పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక బైబిలు అడ్డం పెట్టుకున్నారు.

రేడియో వంతొచ్చింది. లేచాడు. "మాటలు" అన్నాడు.

చర్చి ఒక్కసారి గప్‌చుప్ అయిపోయింది. చేప ఈత మానేస్తానంటే ఎలా ఉంటుంది! పాస్టరుగారికి కళ్ళు చెమర్చాయి. "మాటలు విడిచి చెవులు ఇస్తున్నావన్నమాట. చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్ళ మాట వింటావు. అంతేనా నాయనా?" అని ఆయనే అందించారు. రేడియో తలూపాడు. అందరూ ఆమెన్ అన్నారు.

గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు పెద్దలు. ఇది చర్చి గనక దేవుడి పేరు మార్చుకుని చదువుకోండి, సామెత సరిగ్గా అతుకుతుంది. షాపులో అలవాటుకొద్దీ నోరు ఆడుతున్నా, అసలు మాటలు అతన్ని వదిలేసి అప్పటికే నెలలు గడిచాయి. లేనిదాన్ని తెచ్చి కానుకగా పెట్టాడు. ఆ సంగతి అతనికి తెలుసు. సిగ్గు వేయాలి కదా అనుకున్నాడు గాని, అదీ వేయలేదు.

అతని తర్వాత పాప లేచింది. కళ్ళు మూసుకుని పెదవులు కదిలించి కూర్చుంది. "చాక్లెట్లు అయ్యుంటాయి" అని అమ్మమ్మ పక్కావిడ చెవిలో ఊదింది. అమ్మమ్మంటే రేడియో అత్తగారే. కూతురు పోయాక వీళ్ళ దగ్గరే ఉంటోంది.

ఇక చూడాలి వైభోగం. రేడియో మూగబోయిందని తెలిశాక సెలూన్‌కి జనం ఇంకా పెరిగారు. ఇన్నాళ్ళూ అతను చెప్తే వినలేక చచ్చినవాళ్ళంతా వచ్చి కూర్చుని, గుడ్డ కప్పగానే గుండె విప్పడం మొదలుపెట్టారు. అన్నదమ్ముల గొడవలు, అల్లుడి తాగుడు, నిద్రపట్టని రాత్రులు. రేడియో కత్తెర ఆడిస్తూ తలూపేవాడు. జుట్టు ఎంత పొట్టిగా కొట్టాలో వేళ్ళతో చూపించి అడిగేవాడు. లేచి వెళ్తూ వాళ్ళు, "నీతో చెప్పుకుంటే ఎంత తేలికైందో!" అని చెయ్యి పట్టుకునేవాళ్ళు. వాళ్ళు చెప్పినదాంట్లో అతనికి ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. గోడ మీద కబుర్లు చెప్పుకున్నా అంతే తేలికయ్యేది, కాకపోతే గోడ తలూపదు.

ఇంట్లోనూ అంతే. అత్తగారు కొన్నాళ్ళు ఓపిక పట్టింది. "ఏం బాబూ, ఉపవాసం నోటికా, మనిషికా? కూరలో ఉప్పుందో లేదో చెప్తే దేవుడేమైనా కొడతాడా?" అనేది. అతను ఉందని తలూపేవాడు. నిజానికి ఉప్పు వేయడమే మర్చిపోయిందా తల్లి. రాత్రి ముగ్గురూ మోకాళ్ళేసేవాళ్ళు. అత్తగారు కూతుర్ని తలుచుకుని కుమిలికుమిలి ప్రార్థన చేసేది. ఇతను కళ్ళు మూసుకుని, షాపులో కుళాయి కారుతోంది, వాషర్ మార్చాలి అనుకునేవాడు. ఆమెన్ దగ్గర తల ఎత్తేవాడు.

ఒకటి మాత్రం సుఖంగా ఉంది. పాప ఇప్పుడు 'ఆ రోజు అమ్మ' అంటూ రావడం లేదు. హోంవర్క్ చేసుకుంటుంది, పెట్టింది తింటుంది. పిల్లలు ఎంత తొందరగా మర్చిపోతారో అనుకున్నాడు రేడియో. ఎంత తెలివైనవాడో చూడండి.

మధ్యలో ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో అతని మాటే ఎత్తారు. "నాలుకను అదుపు చేసినవాడు మన మధ్యనే ఉన్నాడు. ఇంత దుఃఖంలో ఇంత మౌనం! ఈస్టర్ రోజు అతను లేచి సాక్ష్యం చెప్తాడు" అన్నారు. అందరూ మెడలు తిప్పి చూశారు. పాప కూడా తలెత్తి చూసింది, తండ్రికేసి, చాలాసేపు. రేడియో కిటికీలోంచి బయట ఆగి ఉన్న స్కూటర్‌ని చూస్తున్నాడు.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు శనివారం, మధ్యాహ్నం, అత్తగారు పాపని సెలూన్ దగ్గర దింపింది. "నా కీళ్ళతో ఈ జుట్టు దువ్వలేకపోతున్నాను. చిక్కులు. పొట్టిగా కత్తిరించెయ్ బాబూ" అని చెప్పి కూరగాయలకి వెళ్ళిపోయింది. కుర్చీలో బస్సు డ్రైవరు ఉన్నాడు. తమ్ముడితో స్థలం తగాదా చెప్పుకుంటున్నాడు, పోయినవారం ఆపిన చోటునుంచి. గుడ్డ దులిపించుకుని లేస్తూ, బెంచీ మీదున్న పాపని చూశాడు.

"ఏమే పిల్లా, మీ నాన్న మాటలు విడిచాడు, నేను సిగరెట్లు విడిచాను. నువ్వేం విడిచావే?"

"చెప్పకూడదు" అంది పాప.

"చాక్లెట్లేనా?"

"కాదు."

"టీవీనా? పోనీ ఎవరికిచ్చావో అదన్నా చెప్పు."

పాప కాసేపు ఆలోచించింది. అది చెప్పకూడదని ఎవరూ అనలేదు. "నాన్నకి" అంది.

డ్రైవరు పగలబడి నవ్వాడు. "నీకేనటోయ్ రేడియో! ఇన్నాళ్ళుగా కానుకలు అందుకుంటూ ఉలుకూ పలుకూ లేదేం? ఏమిచ్చింది?"

రేడియో చేతులు విప్పి చూపించాడు, నాకేమీ అందలేదే అన్నట్టు.

"రోజూ ఇస్తున్నాను" అంది పాప. కొంచెం రోషం వచ్చింది. "నాన్నకి బాగుంది కూడా. ఇప్పుడు మధ్యలో లేచి వెళ్ళడం లేదు."

డ్రైవరు నవ్వుతూ వెళ్ళిపోయాడు. రేడియో కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, పాపని ఎత్తి కూర్చోబెట్టాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. జుట్టు మీద నీళ్ళు చల్లాడు. దువ్వెన పెట్టి, అక్కడ ఆగాడు. మధ్యలో లేచి వెళ్ళడం లేదు. అంటే?

అద్దంలో పాప కళ్ళలోకి చూసి, ఏమిటని కనుబొమ్మలు ఎగరేశాడు.

పాప తలుపుకేసి చూసింది. ఎవరూ లేరు. "నీదే కాబట్టి నీకు చెప్పొచ్చేమో" అంది గొంతు తగ్గించి. "అమ్మ గురించి మాట్లాడటం విడిచిపెట్టాను. నేను అమ్మ అనగానే నువ్వు లేచి వెళ్ళిపోతావు కదా. నీకు నొప్పిగా ఉంటుంది కదా. అందుకని విడిచిపెట్టి నీకిచ్చాను. కష్టమే నాన్నా. రాత్రుళ్ళు నోటి దాకా వచ్చేస్తుంది. దుప్పటి కొరుక్కుంటాను. కానీ బూడిద బుధవారం నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు."

దువ్వెన కింద పడింది. తీయడానికి వంగినవాడు లేవడానికి చాలాసేపు పట్టింది. ఇక్కడ వీడు పేలపిండి గాలికొదిలి చప్పట్లు కొట్టించుకుంటుంటే, అక్కడ ఆ పసిది నోటి దగ్గర ముద్ద తీసి వీడికి పెడుతోంది. వీడు అది తిని, పిల్ల మర్చిపోయిందని హాయిగా ఉన్నాడు! ఇన్ని నెలల్లో మొదటిసారి రేడియోకి ఒంట్లో ఎక్కడో చురుక్కుమంది. ఎక్కడో తెలియలేదు.

లేచాడు. నోరు తెరిచాడు. దగ్గి, మళ్ళీ తెరిచాడు. "మీ అమ్మ..." అన్నాడు. ఆ గొంతు అతనిదిలాగే లేదు. "మీ అమ్మ నీకు రెండు జడలు వేసేది కదా, స్కూలుకి."

"ఒకటే. రెండు జడలు ఆదివారాలప్పుడే" అనేసి పాప గభాల్న నోరు మూసుకుంది. కళ్ళు ఇంతింతయ్యాయి. "నాన్నా! నువ్వు మాట్లాడేశావు! నేను కూడా! ఇంకా ఈస్టర్ రాలేదు!"

"ముందు నేను తప్పాను. పెద్దవాణ్ణి. దేవుడి దగ్గర ముందు నాకు పడతాయి తన్నులు. నీ వంతు వచ్చేసరికి ఆయన చేతులు నొప్పెట్టి ఆపేస్తాడు."

పాప నవ్వలేదు. నోటి మీద చెయ్యి తీయలేదు.

జడల సంగతి అతను నిజంగానే తప్పు చెప్పాడు. ఆ తర్వాతవి కావాలని చెప్పాడు. రేడియో బుర్ర ఎంతైనా రేడియో బుర్రే.

"మీ అమ్మకి పిల్లులంటే ప్రాణం" అన్నాడు, చిక్కు తీస్తూ.

పాప తల అడ్డంగా ఊపింది.

"చర్చిలో మీ అమ్మ గొంతు అందరికంటే పైకి వినపడేది."

"అసలు పాడేదే కాదు! పెదవులు ఆడించేది!" చెయ్యి కింద నుంచే వచ్చింది మాట.

"నేను చెప్పే కథలంటే మీ అమ్మకి చెవి కోసుకునేంత ఇష్టం."

"చెవుల్లో దూది పెట్టుకునేది! నాకు కూడా పెట్టేది!" చెయ్యి జారిపోయింది. "నువ్వు కావాలని తప్పులు చెప్తున్నావు."

"అవును" అన్నాడు రేడియో.

ఇద్దరూ అద్దంలో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మూలన కుళాయి కారుతోంది. అతనికి కాళ్ళు వంటింటి వైపు పోవాలనిపించింది, అక్కడ వంటిల్లు లేకపోయినా సరే. కుర్చీ వెనక భాగం గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు" అన్నాడు. "నేను మందుకి వెళ్ళినప్పుడు. అమ్మ నీతో ఏమంది?"

పాప గుడ్డ అంచుని వేలికి చుట్టుకుంది. మళ్ళీ విప్పింది.

"నిద్రొస్తోంది, నాన్న రాగానే లేపు అంది. నువ్వు వస్తున్న చప్పుడు వినపడగానే లేపాను నాన్నా. లేవలేదు." గుడ్డ అంచు మళ్ళీ వేలికి చుట్టుకుంది. "నేను గట్టిగా లేపలేదేమో. అమ్మకి ఒళ్ళు నొప్పులు కదా, మెల్లిగా లేపాను. గట్టిగా లేపుంటే..."

అంటే ఇన్ని నెలలూ ఈ పిల్ల మోస్తున్నది ఇదీ. చెప్దామని వచ్చిన ప్రతిసారీ ఇతను లేచి వెళ్ళింది దీని మీంచే. రేడియో కుర్చీ తిప్పాడు. అద్దంలో కాకుండా ఎదురుగా, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇది ఎవరికీ చెప్పలేదు అతను, అత్తగారికీ, పాస్టరుగారికీ, దేవుడికీ.

"నేను గుమ్మంలోంచి చూశాను తల్లీ. లోపలికి రాలేకపోయాను. నువ్వు అమ్మ భుజం పట్టుకుని ఊపుతున్నావు, 'నాన్నొచ్చాడు లే' అంటున్నావు. గట్టిగానే లేపావు. మంచం కదిలింది. నేను చూశాను. నువ్వు చాలా గట్టిగా లేపావు."

"నిజంగా?"

"నిజంగా."

పాప అతని మెడ చుట్టూ చేతులు వేసి ఏడవడం మొదలుపెట్టింది. తడి జుట్టు అతని మొహానికి అంటుకుంది. అతనికి ఇంకా ఏడుపు రాలేదు. కానీ పాప బరువు తెలుస్తోంది, భుజం మీద వెక్కిళ్ళు తెలుస్తున్నాయి, మోకాళ్ళ కింద నేల చల్లదనం తెలుస్తోంది.

తలుపు తెరుచుకుంది. గడ్డం పెంచుకున్న మనిషెవరో, సంఘంలోవాడే, లోపలికొచ్చి తన గుండె బరువు దింపుకోవడానికి ఖాళీ కుర్చీలో కూర్చోబోయాడు.

"తర్వాత రండి" అన్నాడు రేడియో, పైకే, తల తిప్పకుండా. "మేం మాట్లాడుకుంటున్నాం."